యోగశాస్త్రము – విలువల చికిత్స: పోలిక ఎంతవరకు?

పాశ్చాత్య దేశములలో ఒక కొత్త మానసిక చికిత్స పుట్టినదని వినబడగానే, ఇది మన పెద్దలు ఏనాడో చెప్పినదే యనుట మనలో పలువురకు అలవాటు. ఆ మాటలో కొంత నిజముండవచ్చును. ఎంత నిజమున్నదో తూచి చూచువారు మాత్రము తక్కువ. మరియొక వైపున, యోగమనగానే అది మతవిషయమనియో, ఒట్టి వ్యాయామమనియో త్రోసిపుచ్చువారును కలరు. ఈ రెండు వైఖరులలోను పరిశీలనకు చోటు లేదు.

ఇటీవలి దశాబ్దములలో మనోచికిత్సా రంగమున 'విలువలు' అను మాటకు ప్రాధాన్యము పెరిగినది. రోగి బాధను తగ్గించుట ఒక్కటే చాలదనియు, అతడు దేనికొరకు జీవింపగోరుచున్నాడో తెలిసికొని, ఆ దిక్కునకు అతనిని నడిపించుటయే చికిత్సకు కేంద్రమనియు కొందరు వైద్యులు చెప్పుచున్నారు. ఇట్టి చికిత్సకును, యోగశాస్త్రములోని యమనియమాదులకును సంబంధమున్నదని చూపు రచనలు అనేకము వచ్చినవి. ఆ సంబంధము ఎక్కడ నిలుచును, ఎక్కడ తెగును అన్నదే ఈ వ్యాసమున విమర్శకు వచ్చు విషయము. ఇది పండితుల వినోదమునకు చేయు చర్చ కాదు. ఆందోళనతోనో, దిగులుతోనో క్రుంగిపోయి వైద్యుని యెదుట కూర్చున్న మనిషితో ఏమి పలుకవలెను, ఏమి పలుకరాదు అన్నది దీనిపై ఆధారపడి యున్నది.

చికిత్సలోనికి విలువలు వచ్చిన తీరు

మనోవిశ్లేషణమునకు ఆద్యుడైన ఫ్రాయిడ్, వైద్యుడు అద్దమువలె ఉండవలెనని 1912లో సలహా ఇచ్చెను. రోగి తెచ్చిన దానినే రోగికి చూపవలెను గాని, వైద్యుడు తన అభిరుచులను, తన నీతిని చికిత్సలోనికి తేరాదు. శాస్త్రీయతకు ఇది అవసరమని ఆ కాలమున తోచినది.

ఈ అభిప్రాయము క్రమముగా సడలినది. వియన్నా నగరపు వైద్యుడు విక్టర్ ఫ్రాంకెల్ నాజీ నిర్బంధ శిబిరములనుండి బ్రతికి బయటపడి, 1946లో తన అనుభవమును గ్రంథముగా ప్రకటించెను. మనిషి మూడు మార్గముల విలువను పొందునని అతని సిద్ధాంతము: ఏదైన ఒక పని చేసి, లేక వస్తువును సృష్టించి, అందమునో ప్రేమనో అనుభవించి, తప్పించుకొన వీలులేని బాధ యెదురైనప్పుడు దానిపట్ల తాను వహించు వైఖరిచేత. 1964లో పెర్రీ లండన్ అను అమెరికన్ మనస్తత్వవేత్త, విలువలు లేని చికిత్సకుడు ఎక్కడను లేడనియు, లేనట్లు నటించుటయే అపాయమనియు వాదించెను. అదే సంవత్సరమున కార్ల్ రోజర్స్ మరియొక మాట చెప్పెను: పసిబిడ్డ తనకు ఏది మేలో ఏది కాదో స్వయముగా ఎరుగును, పెరిగిన కొలది ఇతరుల మెప్పుకొరకు వారి విలువలను తనవిగా మోయును, చికిత్సలో అతడు తన తూనికను తాను మరల సంపాదించుకొనును.

ఈ ధోరణికి నేడు మిక్కిలి ప్రచారములో నున్న రూపము 'అంగీకార నిబద్ధతా చికిత్స'. స్టీవెన్ హేస్, కర్క్ స్ట్రోసాల్, కెల్లీ విల్సన్ అను మువ్వురు దీనిని 1999లో ఒక గ్రంథమున వివరించిరి. మన పరిశీలనకు దీనినే ముఖ్యోదాహరణముగా గైకొందము.

వీరు గమ్యమునకును, విలువకును భేదము చెప్పుదురు. ఇల్లు కట్టుట గమ్యము. గృహప్రవేశముతో అది తీరిపోవును. ఇంటికి వచ్చినవారిని ఆదరించుట విలువ. అది ఎన్నటికిని తీరదు. తూర్పునకు నడచువాడు ఎంత దూరము నడచినను తూర్పు అను ఊరు చేరడు. అయినను అడుగడుగునకు అతడు తూర్పుననే నడచుచున్నాడు. విలువయు అట్టిదే.

ఒక ఉదాహరణము ఊహింతము. గుండె దడ పుట్టి, ప్రాణము పోవునేమో యను భయముచేత ఒకడు బస్సు ఎక్కుట మానివేసినాడు. దూరపు పట్టణమున చదువుచున్న కూతురిని చూచి ఏడాది అయినది. భయము పోయిన పిమ్మట బయలుదేరవచ్చునని అతని ఆలోచన. ఈ చికిత్సకుడు అట్లనడు. కూతురికి తండ్రిగా నుండుట మీకు ముఖ్యమైనచో, ఆ భయమును కూడ వెంటబెట్టుకొని బస్సు ఎక్కగలరా అని అడుగును. భయమును తరిమివేయుట ఇక్కడ లక్ష్యము కాదు. భయమున్నను విలువ వైపు నడచుటయే లక్ష్యము.

దీనికి ఆరు సాధనములు చెప్పబడినవి. వచ్చిన బాధకు చోటిచ్చుట; ఆలోచనను ఆలోచనగానే చూచుట, నిజమని అంటిపెట్టుకొనకుండుట; ఈ క్షణమున మనస్సు నిలుపుట; మారు అనుభవములనన్నిటిని చూచు స్థానముగా తన్ను తాను గుర్తించుట; విలువలను ఎన్నుకొనుట; వానికి తగిన పనులు పట్టుదలతో చేయుట. ఆరింటిలో చివరి రెండు లేకున్న, మొదటి నాలుగింటికి ప్రయోజనము లేదు. విలువలను కొలుచుటకు విల్సన్ ఒక ప్రశ్నావళిని కూడ రూపొందించెను. కుటుంబము, స్నేహము, ఉద్యోగము, చదువు, పౌరధర్మము మొదలైన పది రంగములు అందు కలవు. ప్రతి రంగము తనకు ఎంత ముఖ్యమో ఒకటి నుండి పది వరకు ఒక అంకె, గడచిన వారమున దానికి తగినట్లు ఎంత నడచుకొనెనో మరియొక అంకె రోగియే వేయవలెను. ఆ రెండు అంకెల నడుమ నున్న వ్యత్యాసమే చికిత్సకు పని.

పోలిక నిలుచు చోట్లు

పతంజలి పేర వెలసిన యోగసూత్రములు నాలుగు పాదములుగా, 195 సూత్రములుగా ఉన్నవి. కొన్ని ప్రతులలో 196. ఈ గ్రంథము క్రీ.శ. 400 ప్రాంతమునదని పలువురు పరిశోధకుల అభిప్రాయము. దీనిని మానసిక చికిత్సతో పోల్చుట నేటి మాట కాదు. 1934లోనే జెరాల్డిన్ కాస్టర్ యోగమును, పాశ్చాత్య మనశ్శాస్త్రమును సరిపోల్చుచు ఒక గ్రంథము ప్రకటించినది. కావున పోలికను మొదటినుండి కనిపెట్టవలసిన పని లేదు. పరీక్షింపవలసిన పని మాత్రము ఉన్నది. మూడు చోట్ల ఆ పోలిక గట్టిగానే నిలుచుచున్నది.

మొదటిది, బాధ పెరుగు విధానమును గూర్చిన అవగాహన. పతంజలి ఐదు క్లేశములు చెప్పెను: అవిద్య, అస్మిత, రాగము, ద్వేషము, అభినివేశము. సుఖము వెంటపడుట రాగము, దుఃఖమునుండి పారిపోజూచుట ద్వేషము. ఇక్కడ ద్వేషమనగా పరులపై పగ మాత్రమే కాదు. అప్రియమైన అనుభవముపట్ల మనస్సున పుట్టు వికర్షణ. అంగీకార నిబద్ధతా చికిత్సకులు 'అనుభవము నుండి తప్పించుకొనుట' అని దేనిని రోగమునకు మూలముగా చూపుదురో, ఆ వికర్షణయే అది. పై ఉదాహరణములోని తండ్రికి గుండె దడ ఒక బాధ. దానిని తప్పించుకొనుటకై కూతురినే వదులుకొనుట రెండవ బాధ. మొదటి దానికంటె రెండవది పెద్దది.

రెండవది, చూచువానికిని చూడబడు దానికిని భేదము. యోగశాస్త్రమున ద్రష్ట వేరు, దృశ్యము వేరు. మనస్సులో లేచు తలపులు, భయములు, జ్ఞాపకములు అన్నియు దృశ్యములే. 'నేను పనికిమాలినవాడను' అను తలపు కూడ చూడబడునదే గాని చూచువాడు కాదు. హేస్ చెప్పు సాధనములలో నాలుగవది దీనికి సన్నిహితము. రోగి తన తలపును ఒక మెట్టు వెనుకకు జరిగి చూడనేర్చినచో, ఆ తలపునకు అతనిపై నున్న పట్టు సడలును.

మూడవది, అభ్యాసవైరాగ్యముల జంట. చిరకాలము, ఎడతెగక, శ్రద్ధతో చేయు ప్రయత్నము అభ్యాసము. తృష్ణను వదలుట వైరాగ్యము. ఒకటి పట్టుకొనుట, ఒకటి వదలుట. అంగీకారము, నిబద్ధత అను రెండు మాటలలోను ఈ జంటయే కనబడును. ఒక్క వదలుటయే యైనచో నిష్క్రియత్వము. ఒక్క పట్టుటయే యైనచో మొండితనము. రెండును కలిసి పనిచేయవలెనన్న గ్రహింపు రెండు చోట్లను ఉన్నది.

నిరోధమను మాట తెచ్చిన చిక్కు

ఇక్కడనే ఒక అపార్థమును తొలగింపవలెను. యోగమనగా చిత్తవృత్తులను నిరోధించుట గదా, తలపులను అణచివేయుమని యోగము చెప్పుచుండగా, అణచవద్దని ఈ చికిత్స చెప్పుచున్నదే, రెండును ఎట్లు పొసగునని కొందరు అడుగుదురు. ప్రశ్న న్యాయమైనదే.

తలపును బలాత్కారముగా అణచినచో ఏమగునో డేనియల్ వెగ్నర్, అతని సహచరులు 1987లో పరీక్షించిరి. కొందరు విద్యార్థులను, ఐదు నిమిషములపాటు తెల్లని ఎలుగుబంటిని తలపవద్దనిరి. తలపు వచ్చినప్పుడెల్ల గంట కొట్టుమనిరి. గంట మ్రోగుచునే యుండెను. అటుపిమ్మట తలచుటకు అనుమతి ఇచ్చినప్పుడు, మొదటినుండి స్వేచ్ఛగా తలచిన వారికంటె వీరికే ఆ తలపు ఎక్కువగా వచ్చెను. అణచిన తలపు రెట్టింపు బలముతో తిరిగి వచ్చునని దీనినిబట్టి తెలియుచున్నది.

పతంజలి చెప్పిన నిరోధము ఇట్టి అణచివేతయేనా? అతడు దానికి చూపిన ఉపాయము అభ్యాసవైరాగ్యములే గాని పెనుగులాట కాదు. సుఖములో ఉన్నవారియెడ మైత్రి, దుఃఖములో ఉన్నవారియెడ కరుణ, పుణ్యాత్ములయెడ సంతోషము, పాపుల యెడ ఉపేక్ష వహించుటచేత చిత్తము తేరుకొనునని చెప్పిన గ్రంథము, మనస్సుతో కుస్తీ పట్టుమని బోధింపదు. బురదనీటి కుండను కదపక ఉంచినచో నీరు తేరును. చేతితో బురదను అదిమినచో మరింత కలకబారును. నిరోధమును తేరుటగా గ్రహించినచో విరోధము చాలవరకు తొలగును.

చాలవరకు అనుటకు కారణము కలదు. హింసాది దుష్టవితర్కములు లేచినప్పుడు వానికి ఎదురైన భావనను పెంచుమని కూడ యోగసూత్రములు చెప్పుచున్నవి. ఇది హేస్ పద్ధతికంటె, తలపులలోని దోషమును సరిదిద్దు ఆరన్ బెక్ పద్ధతికి దగ్గర. కావున యోగమంతయు ఒక్క చికిత్సలో ఇమిడినదనుట సరి కాదు.

పోలిక తెగు చోటు

ఇంతవరకు చూచినది మనస్సు పనిచేయు తీరును గూర్చి. విలువల విషయమునకు వచ్చునప్పటికి రెండు దారులు చీలుచున్నవి. ఈ చీలికను దాచి పెట్టిన రచనలే మన విమర్శకు పాత్రములు.

ఒకటి, చేరవలసిన చోటు వేరు. పతంజలి యోగమునకు పరమప్రయోజనము కైవల్యము. అనగా పురుషుడు ప్రకృతినుండి విడివడి తన స్వరూపమున నిలుచుట. సంసారము చక్కబడుట దానికి మెట్టు కావచ్చును గాని గమ్యము కాదు. హేస్ చికిత్సకు గమ్యము ఈ సంసారమే: భార్యతో మాటలాడుట, ఉద్యోగమునకు పోవుట, స్నేహితుని పరామర్శించుట. ద్రష్ట విషయమునను భేదమున్నది. సాంఖ్యయోగములలో పురుషుడు నిత్యముగా ఉన్న తత్త్వము. హేస్ 1984లో వ్రాసిన వ్యాసమున, ఈ చూచు స్థానము భాషవలన కలుగునదని ప్రతిపాదించెను. నేను–నీవు, ఇక్కడ–అక్కడ, ఇప్పుడు–అప్పుడు అను భేదములను పసితనమున నేర్చుకొనుటచేత అది ఏర్పడునని ఆయన వర్గము వివరించుచున్నది. రోగికి రెండును ఒకే ఉపశమనమును ఈయవచ్చును. కాని సిద్ధాంతములు ఒకటి కావు.

రెండు, విలువలను ఇచ్చువాడు వేరు. ఇదియే ముఖ్యము. అహింస, సత్యము, అస్తేయము, బ్రహ్మచర్యము, అపరిగ్రహము అను ఐదు యమములు సాధకుడు ఎన్నుకొనునవి కావు. జాతి, దేశము, కాలము, సందర్భము అను మినహాయింపులు లేక పాటించినప్పుడే అవి మహావ్రతము అగునని యోగశాస్త్రము చెప్పును. దీనికి వ్యాసభాష్యము ఇచ్చిన ఉదాహరణములు గమనింపదగినవి. చేపలను తప్ప వేరు ప్రాణిని చంపనను జాలరి అహింస, జాతిచేత హద్దు కట్టబడినది. తీర్థమున చంపననుట దేశముచేత, చతుర్దశినాడు చంపననుట కాలముచేత హద్దు కట్టబడినది. యుద్ధమున తప్ప చంపనను క్షత్రియుని అహింసయు అట్టిదే. ఇవి యేవియు మహావ్రతములు కావు.

అంగీకార నిబద్ధతా చికిత్సలో విలువ అనునది రోగి స్వేచ్ఛగా ఎన్నుకొనునది. దానికి అతడు ఎవ్వరికిని కారణము చెప్పనక్కరలేదు. ఇతరుల మెప్పుకొరకో, నిందకు జడిసియో పట్టుకొనినది విలువయే కాదని ఈ పద్ధతి హెచ్చరించును. ఇక్కడ చికిత్సకుడు యమములను తెచ్చి రోగి చేతిలో పెట్టినచో, చికిత్స తన మూలసూత్రమునకే తప్పినట్లగును.

ఈ చీలికను పూడ్చుటకు కొందరు భగవద్గీతను తెత్తురు. ఫలాపేక్ష లేక కర్మ చేయుమను బోధ, ఫలితము చేతిలో లేకున్నను విలువ వైపు నడువుమను చికిత్సా సూత్రమునకు నిజముగనే దగ్గర. పతంజలి కైవల్యముకంటె గీతలోని కర్మయోగము ఈ చికిత్సకు తగిన పోలిక యనుటలో సందేహము లేదు. అయినను గీతయందు అర్జునుని స్వధర్మము అతడు ఎన్నుకొనినది కాదు, పుట్టుకతో వచ్చినది. యుద్ధమున తప్ప చంపనను క్షత్రియుని మినహాయింపును యోగభాష్యము మహావ్రతము కాదనగా, గీత ఆ యుద్ధమునే కర్తవ్యముగా చూపినది. 'మన యోగదర్శనము ఇట్లు చెప్పుచున్నది' అని ఏకవచనమున మాటలాడువారు ఈ భేదమునకు సమాధానము చెప్పవలెను. గీతయందే, పదునెనిమిదవ అధ్యాయమున, ఇంత చెప్పిన పిమ్మట కృష్ణుడు, అంతయు బాగుగా విచారించి నీ యిష్టము వచ్చినట్లు చేయుమని నిర్ణయమును అర్జునునికే వదలుచున్నాడు. స్వేచ్ఛగా ఎన్నుకొనుటకు మన గ్రంథములలో ఆధారము వెదకువారు, యమములకంటె ఈ ఘట్టమును చూచుట మేలు.

ప్రయోగములు ఏమి చెప్పినవి?

మన దేశమున పతంజలి భావనలను మనోవైద్యమున ప్రయోగించి చూచినవారిలో బొంబాయి వైద్యుడు ఎన్.ఎస్. వాహియా అగ్రగణ్యుడు. ఆయనయు, సహచరులును 1966లో బ్రిటిష్ మనోవైద్య పత్రికలో ఈ విషయమున ఒక వ్యాసము ప్రకటించిరి. 1973లో మరికొన్ని ఫలితములు వెలువరించిరి. ఆసనము, ప్రాణాయామము, ప్రత్యాహారము, ధారణ, ధ్యానము అను ఐదు మెట్లు వారి చికిత్స. పోలికకొరకు మరియొక వర్గము రోగులకు, పైకి అట్టివే యనిపించు అభ్యాసములు నేర్పిరి. పూర్తి చికిత్స పొందినవారికి మేలు ఎక్కువ కనబడినది. ఇంత జాగ్రత్తతో ఆనాడు ప్రయోగము చేయుట ప్రశంసనీయము. ఐనను ఒక విషయము గుర్తింపవలెను. ఎనిమిది అంగములలో ఐదింటినే మెట్లుగా గైకొనిరి. యమనియమములు ఆ ఐదింటిలో లేవు. విలువలకు సంబంధించిన అంగములు అవియే గదా!

బెంగుళూరులోని నిమ్‌హాన్స్ సంస్థ పరిశోధకులు 2007లో 61 మంది స్కిజోఫ్రీనియా రోగులపై చేసిన పరిశోధనను ప్రకటించిరి. కొందరికి యోగాభ్యాసము, కొందరికి వ్యాయామము నేర్పిరి. ఇరువర్గములకును మందులు కొనసాగినవి. నాలుగు నెలల పిమ్మట యోగవర్గమువారికి రోగలక్షణములు ఎక్కువగా తగ్గినట్లు తేలినది. ఇది విలువైన ఫలితము. కాని ఇది మందులకు తోడుగా చేసిన అభ్యాసములను గూర్చినది. దీనిని చూపి, యోగనీతి మానసిక రోగమును కుదుర్చునని చెప్పుట తర్కదోషము.

విలువల చికిత్సవైపున కూడ ఇట్టి జాగ్రత్తయే అవసరము. ప్రపంచ ఆరోగ్యసంస్థ ఈ పద్ధతి ఆధారముగా ఐదు సమావేశముల శిక్షణ నొకదానిని తయారు చేయించినది. ఉగాండాలో తలదాచుకొన్న దక్షిణ సూడాన్ శరణార్థి స్త్రీలు 694 మందిపై దానిని పరీక్షించి, 2020లో ఫలితములు ప్రకటించిరి. ధ్వనిముద్రిత పాఠములు వినిపించుచు, స్వల్పశిక్షణ పొందిన సామాన్యులే దానిని నడిపిరి. మూడు నెలల పిమ్మట ఆ స్త్రీలలో మనోవ్యథ, పోలికకు తీసికొన్న వారికంటె తక్కువగా నుండెను. మనోవైద్యులు చాలినంతమంది లేని దేశములకు ఇది ఆశ కలిగించు వార్త. ఐనను ఆ ఐదు పాఠములలో విలువలను గూర్చినది ఒక భాగము మాత్రమే. మనస్సును నేలకు దించుట, తలపుల కొక్కెమునుండి విడివడుట, దయ చూపుట, బాధకు చోటిచ్చుట అనునవి తక్కిన భాగములు. మేలు దేనివలన ఎంత కలిగెనో విడదీసి చెప్పుటకు ఆ ప్రయోగము చాలదు.

తెలుగులో చెప్పునప్పుడు

తెలుగుదేశమున ఈ చికిత్సను వాడు వైద్యునికి మొదట ఎదురగు చిక్కు మాటతోనే. 'మీ విలువలేమి?' అని తెలుగున అడిగినచో వినువానికి ధర జ్ఞాపకమునకు వచ్చును. లేక బడిలో నేర్పు నీతిపాఠము తోచును. అందుచేత కొందరు 'ధర్మము' అను మాట వాడగోరుదురు. మాట గంభీరమైనదే. యోగముతో బంధుత్వము కూడ కలుపును. కాని అది వినువారి చెవిలో ఎట్లు పడునో ఆలోచింపవలెను.

అత్తవారింట అరువది మాటలు పడుచు, నిద్ర పట్టక, ఆకలి లేక వైద్యుని యొద్దకు వచ్చిన కోడలిని ఊహింతము. 'అమ్మా, మీ ధర్మమేమిటి?' అని అడిగినచో ఆమె తడుముకొనదు. భర్తను సేవించుట, అత్తమామలను చూచుకొనుట, పిల్లలను పెంచుట అని ఒప్పచెప్పును. ఆమెను మంచము పట్టించినది ఆ జాబితాయే కావచ్చును. వైద్యుడు దానినే విలువగా వ్రాసికొని, దానివైపు ఇంకను గట్టిగా నడువుమని ప్రోత్సహించినచో, చికిత్స పేరున ఆమె మెడకు మరియొక త్రాడు బిగించినవాడగును. 'ఇది ఎవరును చూడకున్నను, ఎవరును మెచ్చకున్నను, మీరు చేయగోరునది ఏది?' అని అడిగినచో ఆమె కొంతసేపు మౌనము వహించును. పిమ్మట, మానివేసిన చదువనియో, తమ్మునితో తెగిన మాటలనియో, ఆ పిల్లలనే అయినను కసురుకొనక పెంచవలెననియో చెప్పవచ్చును. ఆ మౌనమునకు చోటిచ్చుటయే విలువల చికిత్సలోని సారము. ధర్మమను మాట ఆ చోటును ముందే ఆక్రమించును.

1936లో యుంగ్ 'ప్రబుద్ధ భారత' పత్రికయందు వ్రాయుచు, పాశ్చాత్యులు భారతీయ యోగమును యథాతథముగా అనుకరింపరాదనియు, తమ నేలనుండి తమ సాధనను తామే నిర్మించుకొనవలెననియు హెచ్చరించెను. ఆ హెచ్చరిక మనకును వర్తించును. వ్యక్తి ఒంటరిగా కూర్చుండి తన విలువలను ఎన్నుకొనుననుట అమెరికాలో సహజముగా తోచవచ్చును. మన ఇండ్లలో ఏ నిర్ణయమును ఒక్కరిది కాదు. కాబట్టి అవసరమైనచోట రోగి సమ్మతితో ఇంటివారిని కూడ కూర్చుండబెట్టి మాటలాడుట మన వైద్యునికి తప్పదు. అయితే ఇంటివారిని పిలుచుట వేరు, ఇంటివారి తీర్పునే రోగి విలువగా వ్రాసికొనుట వేరు.

చికిత్సకు యోగము ఈయగల దిద్దుబాటు

విమర్శ ఒక వైపే సాగినచో న్యాయము కాదు. విలువల చికిత్సలోను ఒక లోటు కలదు. రోగి ఎన్నుకొనినదే విలువ యైనచో, ఒకడు ఇతరులను అణచి యుంచుటయే తన విలువ యన్న ఏమి చేయవలెను? స్వేచ్ఛగా ఆలోచించినవాడు అట్టిది ఎన్నుకొనుట అరుదని చెప్పవచ్చును. కాని ఆ పద్ధతిలోపల దానికి కట్టుబాటు లేదు. వృత్తినీతియు, దేశచట్టమును బయటనుండి అడ్డు నిలువవలసినదే.

యమములు ఇక్కడ పనికివచ్చును. అవి రోగి నడువవలసిన దిక్కును చెప్పవు. ఏ దిక్కున నడచినను త్రొక్కరాని వానిని చెప్పును. విద్యార్థియైనను, రైతైనను, అధికారియైనను, పరులను హింసించియో, మోసగించియో, వారి సొత్తు హరించియో తన విలువను నెరవేర్చుకొనరాదు. జాతిని, కాలమును, సందర్భమును సాకుగా చెప్పరాదన్న భాష్యవివరణకు బలము ఇక్కడ తెలియును. యమములను రోగికి గమ్యములుగా కాక, వైద్యునికిని రోగికిని సమానమైన హద్దులుగా పెట్టుకొనినచో, ఎన్నుకొను స్వేచ్ఛయు చెడదు, చికిత్సకు నేలయు దొరకును.

వైద్యుడు ఆ హద్దును మొదట తనకే వర్తింపజేసికొనవలెను. దిగులుతో లేవలేనివానితో 'మీకు వైరాగ్యము చాలదు', 'సంతోషమను నియమమును పాటింపుడు' అనుట హింసయే. సంతోషము సాధకుడు పూనిన నియమము. రోగిపై మోపదగిన నింద కాదు. చనిపోవలెనను తలపులున్నవారికి, లేని మాటలు వినబడుచున్నవారికి, నిద్రాహారములు బొత్తిగా తప్పినవారికి ముందు మనోవైద్యుని పరీక్షయు, అవసరమైనచో మందులును కావలెను. యోగాభ్యాసము వానికి తోడు కావచ్చును గాని బదులు కారాదు. ప్రభుత్వము నడపు, లేక ధనమిచ్చు వైద్యశాలలలో మానసిక వైద్యసేవ పొందుట ప్రతివ్యక్తికిని హక్కని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ప్రకటించినది. యోగము పేరున ఎవరును ఆ హక్కుకు అడ్డు రారాదు.

సారాంశమేమనగా: మనస్సు బాధను ఎట్లు పెంచుకొనునో, దానినుండి ఎట్లు ఎడముగా నిలువవచ్చునో చెప్పుటలో యోగశాస్త్రమును, ఈ చికిత్సయు ఒకదానికొకటి సాక్ష్యము చెప్పుచున్నవి. దేనికొరకు జీవింపవలెనన్న ప్రశ్నకు మాత్రము అవి ఒకే సమాధానము చెప్పుట లేదు. ఒకటి హద్దులను ఈయగా, మరియొకటి ఎన్నుకొను హక్కును ఇచ్చుచున్నది. రెండును వేరు వేరని గుర్తించిన వైద్యునికే రెండును ఉపయోగపడును. ఇది మనవారు ఏనాడో చెప్పినదే యని తృప్తిపడుటకంటె, మనవారు చెప్పిన దానిలో ఏది ఏ రోగికి ఎంత మేలు చేయుచున్నదో పరీక్షించి చూచుట మన శాస్త్రజ్ఞులకు తగిన పని. యమనియమములను కూడ చేర్చి, వానిని నిర్బంధముగా కాక రోగి సమ్మతితో ప్రయోగించి చూడవలసిన పని ఇంకను ఎంతయో మిగిలియున్నది.